మూట మీద మూట వేసినా పంటకు అందట్లేదా? ఎరువు వృథాను తగ్గించే భూసవరణ పదార్థాలపై సీమ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెలాఖరు మొదలు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చెరువు మట్టికి ట్రాక్టరు బాడుగ దండగా? జిప్సం ఎప్పుడు వేయాల? బండల పాలిష్ పొడి ఊరికే ఇస్తాండారు, తోలుకోవచ్చా? అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల మెట్ట, ఆరుతడి, కాలువ కింద సేద్యాలకు ఇది పనికొస్తుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గరే చదువుకోవచ్చు. నాకు అర్థమైనంతలో, మన చేలల్లో ఎక్కువ వాటికి ఎరువు కొరత లేదు. వేసిన ఎరువును నిలబెట్టుకునే శక్తే తగ్గిపోయింది.

## మొదలుపెట్టక ముందు

భూసవరణ పదార్థం అంటే ఏంది? అదీ ఎరువేనా?

ఎరువు పంటకు తిండి. భూసవరణ పదార్థం ఆ తిండిని నేలలో నిలిపి ఉంచేది. జిప్సం అనే కాల్షియం ఖనిజం, చెరువు పూడిక మట్టి, పశువుల ఎరువు, పచ్చిగానే నేలలో దున్నేసే పచ్చిరొట్ట, బయోచార్ అనే బొగ్గు, వేపపిండి ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. కొన్ని రెండు పనులూ చేస్తాయి. పశువుల ఎరువు టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది, అదే సమయంలో అది నేలను గుల్లగా చేసి నీటిని పట్టి ఉంచుతుంది. ఏది వాడాలన్నది మీ చేలో ఎరువు ఏ దారిన పోతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్కచేనాయన వేసి బాగుపడ్డాడని అదే మనమూ వేస్తే ఒక్కోసారి నష్టం కూడా వస్తుంది.

మాది ఎర్రనేల. యూరియా వేసిన పది రోజులకే మళ్లీ పసుపు తిరుగుతాంది. వేసిందంతా యాడికి పోతాంది?

రెండు దారుల్లో పోతోంది. మొదటిది కిందికి. అనంతపురం, కళ్యాణదుర్గం, రాయచోటి వైపు ఎర్రనేలల్లో ఇసుక, గరుసు ఎక్కువ. చాలాచోట్ల అడుగు, అడుగున్నర తవ్వితే మొరం తగులుతుంది. యూరియా నేలలో పడ్డాక కొద్దిరోజుల్లో అమ్మోనియంగా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. అమ్మోనియం మట్టిని అంటుకొని ఉంటుంది. నైట్రేట్‌ను మట్టి పట్టుకోదు, నీళ్లు ఎటు పోతే అదీ అటే.

అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటాం. అది పంచి పెట్టినట్టు వస్తే బాధే లేదు. ఇరవై రోజులు ముఖం చాటేసి ఒక్క రాత్రిలో దంచికొట్టి పోతుంది. ఆ రాత్రి నైట్రేట్ వేర్లు దాటి దిగిపోతుంది, ఇసుక నేలల్లో పొటాష్ కూడా దాని వెంటే.

రెండో దారి వాలు వెంట. చినుకు దెబ్బకు ఎర్రనేల పైన సన్నటి పొర కడుతుంది. దాంతో వాన ఇంకక పారుతుంది, పారేటప్పుడు సన్నమట్టిని లాక్కుపోతుంది. మీరు వేసిన డీఏపీ ఎరువులోని భాస్వరం అంటుకొని ఉండేది ఆ సన్నమట్టికే. వానలో వంక ఎర్రగా పారుతోందంటే అందులో మీ మూట కూడా కొంత ఉందన్నమాట.

మాది నల్లరేగడి, గట్టి భూమి. ఇందులో కూడా ఎరువు పోతుందా?

పోతుంది. ఎక్కువగా గాలిలోకి పోతుంది. ఆదోని, ఆలూరు, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు రేగళ్లలో పీహెచ్ (నేల పులుపో క్షారమో చెప్పే అంకె) 8 దాటి ఉండటం మామూలే, సున్నం శాతమూ ఎక్కువే. అలాంటి నేల మీద పదునులో, అంటే తేమ ఉన్నప్పుడు, యూరియా చల్లి వదిలేస్తే అది అమ్మోనియా వాయువై లేచిపోతుంది. చల్లిన రెండో రోజో మూడో రోజో పొద్దున్నే చేలోకి పోయి వంగి చూడండి. ముక్కుకు ఘాటు తగిలితే మీరు డబ్బిచ్చి కొన్న నత్రజనే అది.

దీనికి పదార్థం కన్నా పని ముఖ్యం. యూరియాను గొర్రుతోనో గుంటకతోనో రెండు మూడు అంగుళాల లోపల పడేట్టు చేయాలి. లేదా వేసిన వెంటనే తడి ఇవ్వాలి. వానాకాలంలో రేగడిలో నీళ్లు నిలబడితే మరో నష్టం: గాలి ఆడని మట్టిలో నైట్రేట్‌ను సూక్ష్మజీవులు వాయువుగా మార్చేస్తాయి. అందుకే రేగడిలో బోదెలు, కాలువలు తీసి నీళ్లు బయటికి పోయే దారి పెట్టడం కూడా ఎరువును కాపాడటమే.

భూసార పరీక్ష చేయించకపోతే కుదరదా? ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

చేయించాలి. ఎకరాలో 8, 10 చోట్ల ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని అంచు నుంచి పై నుంచి కిందిదాకా ఒకే మందాన మట్టి గీకాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పేడ దిబ్బ వేసిన చోట తీయకూడదు. రైతు సేవా కేంద్రంలో ఇవ్వొచ్చు. రెడ్డిపల్లి, బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగినా దారి చూపుతారు.

ఈలోగా ఇంట్లో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. ఒకటి: గాజు గ్లాసులో వాన నీళ్లో, తాగే క్యాను నీళ్లో పోసి, ఎండిన చిన్న మట్టిబెడ్డ మెల్లగా జారవిడిచి కదపకుండా ఒక రోజు ఉంచండి. బెడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మసక వచ్చి, మరుసటి రోజుకూ తేరుకోకపోతే ఆ నేలలో సోడియం ఎక్కువ, జిప్సం పనిచేసే చాన్సుంది. బోరు నీళ్లతో చేయొద్దు, అందులోని ఉప్పు మసకను దాచేస్తుంది. రెండు: బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క మట్టిపై వేస్తే బుసబుసమని నురగ వచ్చిందా, నేలలో సున్నం ఉన్నట్టే. చేతికి, కళ్లకు తగలకుండా చూసుకోండి.

తొలకరికి నేలలో బలం ఉంటుందంటారే, మేం విత్తే సరికి అది ఎందుకు ఉండదు?

మీ పెద్దలు చెప్పింది నిజమే. మూడు నెలలు ఎండిన నేల మీద తొలి వాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారి లేచి, నేలలో ఉన్న సేంద్రియ పదార్థాన్ని కరిగించి నైట్రేట్ చేస్తాయి. మే, జూన్‌లో ఆ బలం తయారవుతుంది. మనం వేరుశనగ విత్తేది జులైలో. మధ్యలో చేలో ఒక్క పచ్చటి వేరు కూడా లేకపోతే ఆ నైట్రేట్‌ను తీసుకునేవాళ్లు లేరు, తర్వాతి వానకు దిగిపోతుంది.

ప్రకృతి సేద్యం చేసేవాళ్లు వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం ఈ విషయంలో చాలా మంచి పద్ధతి. సజ్జ, జొన్న, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, జనుము ఏవి దొరికితే అవి. తొలి పదునుకే మొలిచి, ఆ నైట్రేట్‌ను ఆకులోకి లాక్కుని దాస్తాయి. అసలు పంటకు ముందు కోసి పశువులకు కొంత వేసి, మిగతాది నేలలో కలిపేస్తే ఆ బలం మళ్లీ చేనుకే చేరుతుంది. పైగా తొలి వాన దెబ్బ నేరుగా నేలకు తగలదు.

## ఏది తోలుకోవాలి, ఏది వద్దు

చెరువు మట్టి తోలడానికి బాడుగే వేలల్లో అవుతాంది. అంత పెట్టొచ్చా?

ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలకైతే పెట్టొచ్చు. నేను మొదట చెప్పే సలహా ఇదే. ఎర్రనేలలో లేనిది బంకమట్టి. చెరువు అడుగున చేరింది చుట్టుపక్కల చేల నుంచి కొట్టుకొచ్చిన బంకమట్టి, సన్నమట్టి, ఆకు కుళ్లు. అంటే ఇంతకుముందు పోగొట్టుకున్నదాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాం. బంకమట్టి పెరిగితే అమ్మోనియం, పొటాష్ దాన్ని అంటుకొని నిలుస్తాయి. పదును నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది, వాన వెనకబడితే ఆ నాలుగు రోజులే పంటను కాపాడతాయి.

ఎకరాకు 20 ట్రాక్టర్ల దాకా ఎండాకాలంలో తోలి, పలుచగా పరిచి, ఎండనిచ్చి, తొలి వానకు బెడ్డలు నానాక దున్నాలి. కుప్పలు కుప్పలుగా వదిలేస్తే ఒకచోట బంక, ఒకచోట ఇసుకగా ఉండిపోతుంది. తోలే ముందు గుప్పెడు మట్టి పరీక్షకు పంపండి. ఉప్పు పేరుకున్న చౌడు చేల నీళ్లు దిగే చెరువైతే మట్టిలో ఉప్పు ఉంటుంది. నల్లరేగడికి మాత్రం చెరువు మట్టి వద్దు, దానికి ఉన్న బంకే ఎక్కువ.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. అప్పటి నుంచీ మన పక్కనే ఉన్న చెరువుల్లో ఎన్ని తరాల చేల మట్టి చేరి ఉంటుందో ఆలోచిస్తే ఆ బాడుగ నాకు దండగ అనిపించదు.

చౌడుకు జిప్సం వేస్తే బాగవుతుందంటారు. మేం వేసినా ఏం మార్పు లేదు, ఎందుకు?

చౌడు రెండు రకాలు. పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాలచౌడు. అందులో కరిగే లవణాలు ఎక్కువ, పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. దానికి జిప్సం పని లేదు. మడులు కట్టి మంచి నీళ్లు నిలిపి, ఉప్పును కరిగించి, మురుగు కాలువ ద్వారా బయటికి పంపాలి. తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా, నల్లటి మరకతో కనిపించేది కారుచౌడు. పీహెచ్ 8.5 దాటుతుంది, మట్టిని పట్టుకొని సోడియం ఉంటుంది. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తోసేస్తుంది. తోసిన సోడియం నీళ్లతో బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే జిప్సం వేసి ప్రయోజనం లేదు. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే.

మోతాదు పరీక్షలో చెప్పినంత. పైపైన నాలుగైదు అంగుళాల్లోనే కలపాలి, లోతుగా దున్నొద్దు. నీళ్లు నిలిపి తీసెయ్యడం మూడు నాలుగు సార్లు చేశాక జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నితే తర్వాతి వరికి నేల సిద్ధమవుతుంది. కారుచౌడులో యూరియా నష్టం మామూలు నేల కన్నా చాలా ఎక్కువ. అందుకే నేల బాగుపడేదాకా నత్రజని పాతిక శాతం పెంచి వేయమంటారు.

బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల బండల పొడి ఊరికే ఇస్తాండారు. చేలో వేస్తే కాల్షియం వస్తుందా?

వద్దు. అది సున్నపురాయి పొడి. పీహెచ్ 6 లోపు పడిపోయిన పుల్లటి నేలలకు సున్నం మందు. మన మూడు జిల్లాల్లో ఎక్కువ నేలలకు సున్నం ముందే ఉంది. ఇంకా వేస్తే పీహెచ్ పెరుగుతుంది, యూరియా మరింత వేగంగా అమ్మోనియాగా లేచిపోతుంది, భాస్వరం, జింకు, ఇనుము పంటకు అందకుండా బిగుసుకుపోతాయి. ఆ పొడి పిండిలా సన్నగా ఉంటుంది కాబట్టి మట్టి రంధ్రాలు కూడా పూడుతాయి. జిప్సం వేరు, ఈ పొడి వేరు. జిప్సంలోనూ కాల్షియం ఉంటుంది కానీ అది పీహెచ్‌ను పెంచదు. ఊరికే వచ్చింది కదా అని పరిస్తే తర్వాత దాన్ని ఏరి తీయలేం.

థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద?

దాంట్లో నత్రజని ఉండదు, సేంద్రియ పదార్థమూ ఉండదు. బోరాన్, లవణాలు, కొన్ని భార లోహాలు ఉండొచ్చు. శాస్త్రవేత్తలు మీ నేలనూ ఆ బూడిదనూ పరీక్షించి ఇంత వేయమని రాసిస్తే తప్ప తోలొద్దు.

పత్తి కట్టె, కంది కట్టె కాలబెట్టే బదులు బొగ్గు చేయమంటాండారు. ఈ బయోచార్‌తో నిజంగా లాభముందా?

ఎర్ర ఇసుక నేలలకు ఉంది. గాలి ఆడకుండా కాల్చిన బొగ్గు లోపలంతా సన్నటి రంధ్రాలు. వాటిలో నీళ్లు, అమ్మోనియం, పొటాష్ ఆగుతాయి, అది ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. చేలో బహిరంగంగా కాలబెడితే మిగిలేది బూడిద. దాన్లోని పొటాష్ తొలి వానకే కరిగి పోతుంది.

హైదరాబాదులోని మెట్ట పరిశోధన సంస్థ క్రీడా, 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతో బొగ్గు చేసే పొయ్యిని రూపొందించింది. కట్టె బరువులో పావు నుంచి మూడో వంతు దాకా బొగ్గు వస్తుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి: తాజా బొగ్గును నేరుగా చేలో వేయొద్దు. ఖాళీ రంధ్రాలు మీ నత్రజనినే ముందు పీల్చుకుంటాయి. పొడి చేసి, పేడ, గంజు (పశువుల మూత్రం), జీవామృతంతో కలిపి నెల రోజులు నానబెట్టి అప్పుడు సాళ్లలో వేయాలి. బొగ్గుకు క్షారగుణం ఉంటుంది కాబట్టి పీహెచ్ 8 దాటిన రేగడిలో దీనికోసం శ్రమ పడక్కర్లేదు. కట్టె ముక్కలు చేసి కంపోస్టు గుంతలో వేయడమే అక్కడ మేలు.

కోళ్ల ఎరువు లారీ లెక్కన దొరుకుతాంది. పశువుల ఎరువుకు బదులు వాడొచ్చా?

బలం ఎక్కువ, నిలకడ తక్కువ. అందులోని నత్రజని చాలా వేగంగా అమ్మోనియాగా మారుతుంది. పచ్చిగా చల్లితే సగం బలం వాసన రూపంలో పోతుంది, లేత మొక్కలు మాడతాయి. ఎండు ఆకు, పొట్టు, మట్టి కలిపి కప్పి రెండు మూడు నెలలు మాగబెట్టి ఎకరాకు టన్ను లోపు వేయండి. చౌడు లక్షణాలున్న నేలకు దూరంగా ఉంచండి, దీంట్లో ఉప్పు ఉంటుంది.

హైడ్రోజెల్ గురించి విన్నాం. ఎరువును కూడా ఆపుతుందా?

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పూసా హైడ్రోజెల్ నీటిని పట్టి మెల్లగా వదులుతుంది. వేర్ల దగ్గర నీళ్లు ఆగితే ఎరువూ కొంత ఆగుతుంది. ఎకరాకు కిలో నుంచి రెండు కిలోలు విత్తనం సాలులో వేస్తారు. కూరగాయలకైతే ఆలోచించొచ్చు. వాన మీద ఆధారపడ్డ వేరుశనగకు ఆ డబ్బు పశువుల ఎరువు మీద పెట్టమంటాను.

## వేసేటప్పుడు

పశువుల ఎరువు ఏటా తోలుతానే ఉండాం. అయినా బలం కనపడదు. ఎందుకంటారు?

ఒకసారి వాన వెలిశాక మీ దిబ్బ దగ్గర నిలబడి చూడండి. అడుగు నుంచి డికాక్షన్ రంగు నీళ్లు సన్నగా కారి వీధి కాలువలోకి పోతుంటాయి. నత్రజని, పొటాష్ ఎక్కువ భాగం ఆ రంగులోనే ఉన్నాయి. ఎండకు లేచిపోయే అమ్మోనియా మనకు కంటికి కనపడదు. ఏడాదంతా అట్లా పోగా మిగిలిన చెత్తను మనం చేనుకు తోలుతున్నాం.

నీడలో మూడడుగుల లోతు గుంత తీసి, వాన నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ గట్టు కట్టండి. పశువుల పాకలో మట్టి, ఎండుటాకు పరిచి గంజును దానికి పట్టించి రోజూ గుంతలో వేయండి. గంజులో ఉన్న బలం పేడలో ఉన్నదాని కన్నా తక్కువేమీ కాదు. అడుగు మందానికొకసారి సూపర్ ఫాస్ఫేటో, జిప్సమో పలుచగా చల్లితే అమ్మోనియా బిగుస్తుంది. నిండాక మట్టితో కప్పి మెత్తండి. చేనుకు తోలిన తర్వాత కుప్పలుగా నెల రోజులు వదిలేయడం ఇంకో తప్పు. తోలిన రోజే చిమ్మి, ఆ పదునుకే దున్నాలి.

గొర్రెల మంద కట్టించినాం. ఎన్ని రోజులకు దున్నాల?

మంద లేచిపోయిన రోజే, కుదరకపోతే మరుసటి రోజు పైపైన గుంటక తోలండి. మంద వల్ల వచ్చే బలంలో ముఖ్యమైనది మూత్రం. ఎండాకాలపు వేడి నేల మీద అది రెండు మూడు రోజుల్లోనే అమ్మోనియాగా లేచిపోతుంది. పిడుచగా ఎండిన పెంటికలు మిగిలితే చాలనుకొని పది రోజులు ఆగేవాళ్లు సగం డబ్బు గాలికి ఇచ్చినట్టే. ఇంత పాత, ఇంత మంచి పద్ధతి ఈ ఒక్క ఆలస్యం వల్ల చెడకూడదు. మందను ఒకే మూలన ఉంచకుండా రాత్రికి ఒకచోట చొప్పున జరపమని కాపరులను ముందే అడగండి.

చెనిక్కాయల (వేరుశనగ) పొట్టు, వరిపొట్టు నేరుగా చేలో దున్నేస్తే ఎరువు కాదా?

మా ఇంట్లో ఈ తప్పు చేశాం. కాయ ఒలిచే మిల్లు నుంచి రెండు ట్రాక్టర్ల పొట్టు తోలి పరిచి, దున్ని, జొన్న విత్తాం. ఇరవై రోజులకు పైరంతా పాలిపోయింది. పక్క మడిలో, పొట్టు వేయని చోట, అదే విత్తనం ముదురు పచ్చగా ఉంది. పొట్టులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినంతా ముందు తాము తినేశాయి. రెండో ఏడు అదే చేను బాగా పండింది, కానీ మొదటి ఏడు జొన్న పోయింది.

పొట్టును పశువుల పాకలో పరుపుగా వాడి, గంజుతో తడిశాక గుంతలో మాగేయండి. లేదా కూరగాయల సాళ్ల మధ్య నేల పైన కప్పుగా పరచండి. పైన ఉన్నంతవరకు అది నత్రజనిని లాగదు, వాన దెబ్బనూ ఆపుతుంది.

వేరుశనగకు జిప్సం విత్తేటప్పుడే వేస్తే పని అయిపోతుంది కదా?

తేలిక నేలల్లో అట్లా వేస్తే కాయ కట్టే వేళకు కాల్షియం కిందికి దిగిపోయి ఉండొచ్చు. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియంను నేరుగా చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అందుకే ఎకరాకు 200 కిలోలు, 45 రోజుల లోపు, ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళకు, పదునుంది చూసుకొని మొక్క మొదళ్ల పక్కన సాలులో వేసి మట్టి ఎగదోయాలి. ఆ తర్వాత గుంటక తోలొద్దు, ఊడలు తెగుతాయి.

జిప్సంలో గంధకమూ ఉంటుంది కాబట్టి నూనె శాతానికి మేలు. భాస్వరం కోసం డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడే రైతుకు దానితోనే కొంత కాల్షియం, గంధకం వస్తాయి. మంచిదని రెట్టింపు వేయొద్దు. ఇసుక నేలలో జిప్సం ఎక్కువైతే పొటాష్, మెగ్నీషియం మట్టిని వదిలి కిందికి పోతాయి.

యూరియాకు వేపపూత ముందే ఉంది కదా, మళ్లీ వేపపిండి ఎందుకు?

2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతా వేపపూతతోనే వస్తోంది. ఆ పూత అమ్మోనియం నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది. అమ్మోనియాగా గాలిలోకి లేచేదాన్ని మాత్రం అది పెద్దగా ఆపదు. కాబట్టి వేపపూత ఉంది కదా అని పైన చల్లి వదిలేస్తే లాభం లేదు.

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరికి పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి, లేదా 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి, మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులకు నీళ్లు పెట్టాలి. నిండు నీళ్లలో యూరియా చల్లడం, మరుసటి రోజు కింది మడికి నీళ్లు వదలడం కాలువ కింద రోజూ కనపడే పని. ఆ యూరియా కింది మడి ఆయనకు పోతోంది.

జీలుగ కలియదున్నినాం. నాటు ఎప్పుడు పెట్టాల?

పూతకొచ్చే వేళ, 45 నుంచి 50 రోజులకు కలియదున్ని, వారం పది రోజులు మురగనిచ్చి నాటేయండి. ఎదిగిన జీలుగ ఎకరాకు ఒక యూరియా మూటకు సమానమైన నత్రజని ఇస్తుంది. దున్ని నెలన్నర ఖాళీగా ఉంచితే అదంతా నైట్రేటై పోతుంది. కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో తేలకుండా దున్నొద్దు. కాలువ ఆలస్యమైతే జీలుగను ఇంకొన్నాళ్లు నిలబెట్టండి, కాస్త ముదిరినా ఫరవాలేదు.

జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి వేయొచ్చా?

వద్దు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి బిగించుకొని పంటకు అందవు. దుక్కిలో జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు విడిగా వేసి, రెండు మూడు రోజులు ఆగి భాస్వరం వేయండి. పశువుల ఎరువుతో కలిపి వేస్తే రేగడిలో జింకు ఎక్కువ కాలం అందుబాటులో ఉంటుంది.

## పంట చేలో ఉన్నప్పుడు

వాన వస్తుందని టీవీలో చెప్పినారు. ముందే యూరియా వేసేద్దామా?

చిన్న వానకు ముందు వేస్తే మంచిది, అది యూరియాను రెండు అంగుళాలు లోపలికి దించి గాలికి పోకుండా చేస్తుంది. తుపాను, అల్పపీడనం, భారీ వర్షం అన్నారంటే ఆగండి. వాన వెలిసి, కాలు దిగబడని పదును వచ్చాక వేయండి. మెట్టలో ఒకేసారి మూట మొత్తం వేయడం కన్నా రెండు మూడు విడతలు చేయడం ఏ పదార్థమూ చేయలేని మేలు చేస్తుంది.

మా బోరు నీళ్లలో నైట్రేట్ ఎక్కువని రిపోర్టు వచ్చింది. దానికీ మా ఎరువులకూ సంబంధం ఉందా?

ఉంది. చేల నుంచి దిగిన నైట్రేట్, ఇళ్ల దగ్గరి దిబ్బలు, మరుగుదొడ్ల గుంతల నుంచి దిగింది కలిసి భూగర్భ జలంలో చేరుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ముఖ్యంగా పసిబిడ్డల పాలలో కలపొద్దు. కాచినా నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

సేద్యం వైపు నుంచి చూస్తే అది మీ ఎరువే, లెక్కలో వేసుకోండి. లీటరుకు 45 మిల్లీగ్రాములున్న నీళ్లు ఎకరాకు ఒక అంగుళం పారిస్తే సుమారు ఒక కిలో నత్రజని చేరుతుంది. పది తడులు, తడికి రెండు అంగుళాలు అంటే 20 కిలోలు, దాదాపు ఒక 45 కిలోల మూట. ఆ మేరకు తగ్గించి వేస్తే డబ్బు మిగులుతుంది, బోరుకూ మేలు.

మా చేను వాలు. ఏమి తోలినా వంకలోకే పోతాంది.

అయితే తోలడం ఆపి ముందు నీళ్లను ఆపండి. వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగా విత్తడం మొదటిది. వేరుశనగలో పది పన్నెండు అడుగులకొక గొడ్డు సాలు (విత్తనం వేయని సాలు) తీస్తే పారే నీళ్లు అందులో ఆగి ఇంకుతాయి. తెగిన గెనాలు (గట్లు) వానలకు ముందే కట్టి, నీళ్లు దాటే చోట రాళ్లు పేర్చండి. చేను దిగువ మూలన నీటి గుంత ఉంటే అందులో చేరిన ఒండ్రును ఏటా వేసవిలో ఎత్తి పై మడికి తోలండి. ఇన్ని పనులూ అయ్యాక వేసిన పశువుల ఎరువే నిలుస్తుంది.

## పంట తీశాక, ఖర్చు లెక్క

ఒకసారి వేస్తే ఎన్నేళ్లు పనిచేస్తాయి?

చెరువు మట్టి కొన్నేళ్ల పాటు ఉంటుంది, కోతకు గురికాకుండా చూసుకోవాలి. బయోచార్ ఇంకా ఎక్కువ కాలం. వేరుశనగకు జిప్సం ప్రతి పంటకూ కావాలి. పశువుల ఎరువు మన ఎండలకు త్వరగా కరిగిపోతుంది, రెండేళ్లకొకసారైనా పడాలి. పచ్చిరొట్ట బలం ఆ ఒక్క పంటకే.

చేతిలో డబ్బు లేదు. ఈ ఏడు ఒక్కటే చేయగలం అంటే ఏది?

ఖర్చు లేనివి మూడున్నాయి, అవి ముందు చేయండి: దిబ్బను గుంతలోకి మార్చి కప్పడం, యూరియాను మట్టి లోపలికి దించడం, తొలకరికి ఇంట్లో ఉన్న గింజలే కలిపి చల్లడం. తర్వాత చేతిలో కొంత ఉంటే ఎర్రనేల వాళ్లు చెరువు మట్టి, ఒక్క ఎకరాకు మాత్రమే. ఐదెకరాలకు పలుచగా తోలితే ఎక్కడా మార్పు కనపడదు. ఏడాదికొక ఎకరా చొప్పున ముగించుకుంటూ పోండి. కారుచౌడు ఉన్నవాళ్లు మురుగు కాలువ తీశాకే జిప్సం కొనండి. అప్పు చేసి ఇందులో ఏదీ కొనొద్దు.

ఇది పనిచేసిందని మాకెట్లా తెలుస్తుంది? వాన బాగుంటే అంతా పండుతుంది కదా?

సరైన అనుమానం. అందుకే చేను మొత్తం వేయకుండా మధ్యలో ఎనిమిది సాళ్లు, ఈ చివర నుంచి ఆ చివరకు, ఏమీ వేయకుండా వదలండి. రెండు వైపులా పుల్లలు పాతి గుర్తు పెట్టండి. విత్తనం, మూట, తడి అన్నీ రెండు చోట్లా ఒకటే ఉండాలి. పంట మధ్యలో వాన వెనకబడినప్పుడు మధ్యాహ్నం పోయి ఏ సాళ్లు ముందు వాడాయో చూడండి. కోతప్పుడు ఆ ఎనిమిది సాళ్ల కాయ, దాని పక్కనే ఎనిమిది సాళ్ల కాయ వేరువేరు గోతాల్లో పోసి, ఎండాక తూకం వేసి, భూసార పరీక్ష కాగితం వెనకే రాసి పెట్టండి. వచ్చే ఏడు కూడా అదే చోట పుల్లలు పాతండి.